పిల్లికన్ను గీత

ఆ మేడమీది పార్లర్‌లో కిటికీ పక్క కుర్చీ గోళ్లక్కది. జుట్టు కత్తిరించేవాళ్లు మారారు, అద్దాలు మారాయి, గోడల రంగు మారింది. ఆ కుర్చీలో మనిషి మాత్రం మారలేదు. ఆమె అసలు పేరు అడిగినవాళ్లు లేరు. "గోళ్లక్క ఉందా?" అని మెట్ల మీంచే కేకేస్తారు. ఉంటే ఎక్కుతారు, లేకపోతే వెనక్కి తిరుగుతారు.

ఆమె చేతికి పేరు తెచ్చింది పిల్లికన్ను రంగు. చూడ్డానికి మామూలు ముదురాకుపచ్చ పాలిష్‌లాగే ఉంటుంది కానీ, అందులో కంటికి ఆనని ఇనుప రేకులు లెక్కలేనన్ని తేలుతుంటాయి. గోటికి పూసినప్పుడు అవి తలో దిక్కుకీ తిరిగి ఉంటాయి, రంగు బురదలా కనిపిస్తుంది. అప్పుడామె చిన్న అయస్కాంతం తీసి గోటికి తగలీ తగలకుండా పైన పట్టుకుంటుంది. అంతే, ఎవరో పిలిచినట్టు రేకులన్నీ కదిలి, ఒకదాని కొస ఒకటి పట్టుకుని వరసకడతాయి. గోటి నడుమ వెలుగుగీత లేస్తుంది, చీకట్లో పిల్లి కన్ను తెరిచినట్టు. కుంచెతో ఆ గీత గీయడం ఎవరి తరమూ కాదు. మనిషి చేయాల్సిందల్లా అయస్కాంతాన్ని కదలకుండా పట్టుకోవడం, గీత చెదిరేలోగా గోటిని ల్యాంపు కింద పెట్టి రంగుని గట్టిపరచడం.

"అదేంటి, మీరు గీయడం లేదే, ఊరికే పట్టుకున్నారే!" అని కొత్తవాళ్లు నోరెళ్లబెడితే, "గీసుకునేది అవే అమ్మా. నేను అడ్డం రాకుండా ఉంటానంతే" అనేది.

ఇంత పనీ నల్ల గ్లౌజులు తొడుక్కునే చేసేది. కూతురు పుట్టాక మణికట్టు దగ్గర మొదలైన తెల్లమచ్చ ఒక్కో వేలికీ పాకింది. బొల్లి అన్నాడు డాక్టరు. నొప్పి ఉండదు, ఎవరికీ అంటుకోదు అని కూడా అన్నాడు. పార్లర్ ఓనరమ్మకీ ఆ సంగతి తెలుసు. అయినా గ్లౌజుల పెట్టె తెచ్చి ముందు పెట్టి, "నాకేం పట్టింపు లేదు తల్లీ, వచ్చేవాళ్ల కోసం" అంది. వచ్చేవాళ్ల కోసమే కదా అని తొడుక్కుంది గోళ్లక్క. తర్వాత బస్సులో తొడుక్కుంది. బడి గేటు దగ్గర తొడుక్కుంది. చివరికి ఇంటికి చుట్టం వస్తే చాలు, మంచినీళ్లకన్నా ముందు గ్లౌజులు వెతుక్కునేది.

ఆమె కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. పొద్దస్తమానం కిచకిచలే. ఒకరోజు బడికి తయారుచేస్తుంటే ఆ పిల్ల వేలి కణుపు మీద బియ్యపుగింజంత తెల్లమచ్చ కనిపించింది. గోళ్లక్క పౌడరేమోనని రుద్దింది, తడిగుడ్డతో తుడిచింది, వెలుతురులోకి లాక్కెళ్లి చూసింది. మచ్చ మచ్చలాగే ఉంది. ఇది అదో కాదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు, కొన్నాళ్లు ఆగి చూద్దామన్నాడు. ఆయన చూద్దామని చీటీ మడిచేశాడు గానీ, తల్లి మనసు అలా మడతపడుతుందా?

పిచ్చుకకి మాత్రం ఏ దిగులూ లేదు. దారిలో చెయ్యి ఊపుతూ అడిగింది.

"అమ్మా, నాక్కూడా గ్లౌజులు కొంటావా? గులాబీరంగువి?"

"ఎందుకే?"

"నాకూ నీ చెయ్యి వచ్చింది కదా. దాచుకోవాలి కదా!"

గోళ్లక్క పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా ఇంటికి నడిచింది. ఇంట్లో అత్తగారు సంగతి విని, "పొడుగుచేతుల గౌన్లు కుట్టిద్దాం. నలుగురి నోళ్లలో పడ్డం ఎందుకు?" అంది.

"నలుగురి నోళ్లు వాళ్లిష్టం అత్తయ్యా. నా పిల్ల చేతులు మాత్రం బయటే ఉంటాయి."

"ఓహో! ముందు నీవి బయటపెట్టవే తల్లీ. దానివి తర్వాత చూద్దువుగాని."

అత్తగారు ఎత్తిపొడుపుగానే అంది. కానీ మర్నాడు గోళ్లక్క ఉత్త చేతులతో పనికి వెళ్లింది. పైగా తన పది గోళ్లకీ పిల్లికన్ను వేసుకుంది, చూడనివాళ్లు కూడా చూసేలా.

మొదట వచ్చినావిడ పాత కస్టమరే. కూర్చుంది, చూసింది, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇదేంటి, కాలిందా?"

"బొల్లండి. అంటుకోదు."

"అబ్బే, అందుక్కాదు. ఇవాళ కాస్త పనుంది..." అంటూ బ్యాగు భుజాన వేసుకుంది. మెట్లు దిగిన చప్పుడు మాత్రం పనున్నవాళ్ల చప్పుడులా లేదు, పారిపోయేవాళ్ల చప్పుడులా ఉంది.

రెండో ఆమె బెదరలేదు గానీ గోళ్లక్కే మాటిమాటికీ ఆమె ముఖం వంక చూసింది. అయస్కాంతం తడిరంగుకి తగిలింది. రేకులన్నీ ఒక్క ముద్దగా దాన్ని పట్టుకుని లేచొచ్చాయి, గోటి మీద గుంటపడింది. తుడిచి మళ్లీ మొదలుపెట్టింది.

సాయంత్రం ఓనరమ్మ తలుపు దగ్గర ఆపింది. "గ్లౌజులైనా వేసుకో, వెనక గదిలో తలలైనా కడుగు."

"రెండూ చెయ్యను."

"అయితే మూడోది నాచేత చెప్పిస్తావా?"

"చెప్పండి. కస్టమర్ల ముందు చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి. రేపూ ఇలాగే వస్తాను."

వచ్చింది. కిటికీ పక్కన బల్ల ఉంది, ఆమె కుర్చీ లేదు. గోళ్లక్క ఒక్క క్షణం ఆ ఖాళీ వైపు చూసి, అయస్కాంతాలు బల్ల మీద పేర్చి, నిలబడింది. మధ్యాహ్నానికి డ్రైవింగ్ నేర్పే ఆవిడ వచ్చింది. మాట కరుకు, గొంతు పెద్దది. కస్టమర్ల కుర్చీలో కూలబడి, "ఏం అక్కా, శిక్ష వేశారా, నిలబడ్డావు?" అంది.

ఓనరమ్మ కౌంటర్ వెనకనుంచి అందుకుంది. "అబ్బే, కుర్చీ రిపేరుకిచ్చామండీ."

"కుర్చీకేం రోగం లేదండీ" అంది గోళ్లక్క. "నాకు బొల్లి. అంటుకోదు. అయినా దాచలేదని కుర్చీ తీసేశారు."

కత్తెరలు ఆగిపోయాయి. అద్దాల్లో ముఖాలన్నీ ఇటు తిరిగాయి. ఓనరమ్మ దువ్వెనలు సర్దింది. డ్రైవింగ్ ఆవిడ ఆ చేతులని తేరిపార చూసింది. గోళ్లక్క వాటిని వెనక్కి తీసుకోలేదు.

"నా దగ్గర నేర్చుకునేవాళ్లకి వేళ్లన్నీ తెల్లబడతాయి, భయంతో స్టీరింగ్ బిగించి పట్టుకోగానే" అందావిడ. ఎవరో కిసుక్కున నవ్వారు. "సరే గానీ, పోయినసారి గీత నిలువుగా వేశావు. ఈసారి ఏటవాలుగా కావాలి."

తన చెయ్యి చాపింది. గోళ్లక్క రంగు పూసి, అయస్కాంతాన్ని ఏటవాలుగా వంచి పట్టుకుంది. రేకులు కదిలి గీతగా చేరుతున్నాయి.

వెనక ఏదో ఈడ్చిన చప్పుడు. ఓనరమ్మ కుర్చీ పట్టుకుని నిలబడింది. "కూర్చో" అంది గొంతు తగ్గించి.

"ఇప్పుడు కదిలితే గీత చెదురుతుందండీ" అంది గోళ్లక్క, తల తిప్పకుండా. "కాసేపు అలాగే పట్టుకోండి."