కల్లం కింద డొల్ల చప్పుడు

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట మీకు వినపడదు. చాప మీద బోలెడు చోటుంది, కూర్చోండి. ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి.

నా కూతురి కూతురు ఒంగోలులో డిగ్రీ చదువుతోంది. సెలవులకి నా దగ్గరికొస్తే చంకలో ఒక చక్రాల చెక్క ఉండేది. స్కేట్‌బోర్డట. దాని మీద నిలబడి జారిపోతుంటే నాకు ప్రాణం గొంతులోకొచ్చేది. "కళ్ళు మూసుకో అమ్మమ్మా" అనేది. మూసుకుంటే ఇంకా భయం.

నన్ను మచ్చిక చేసుకోడానికి ఫోనులో డాక్యుమెంటరీలు చూపించేది. ఎక్కడో వానల్లేక ఈత తొట్లు ఎండిపోతే, పిల్లలు గోడలు దూకి ఆ ఖాళీ తొట్లలో ఈ చెక్కలేసుకుని తిరిగారట. ఇంకో ఊళ్ళో మెట్లు, మరో ఊళ్ళో వంతెన కింద అరుగు. ఏ చోట ముందేముండేదీ, ఎవరు కనిపెట్టారు, ఎవరు తరిమారు, అన్నీ జుట్టు నెరిసిన ఆటగాళ్ళు కూర్చుని చెబుతారు. నాకది నచ్చింది. నేను చెప్పే కబుర్లూ అవేగా!

"మనూరి స్పాటు మీద నేనూ తీస్తున్నా" అంది. స్పాటంటే ఆ చెక్కతో ఆడుకునే చోటట. ఒకరోజు పొద్దున తీసిన ముక్క నా ఫోనుకి పంపి, "దిమ్మ మీంచి దూకే షాటొక్కటే మిగిలింది, అవగానే అన్నానికొస్తా" అని గొంతు రికార్డు చేసి పెట్టింది.

చూడగానే గుర్తుపట్టాను. పర్చూరు దారిలో మూతబడ్డ మిరపకాయల కల్లం. ఆ సిమెంటు నేల మీద పదకొండేళ్ళు తొడిమలు తీశాను. "ఈ నేల చరిత్ర ఎవరికీ తెలీదు" అంటోంది ఫోనులో పిల్ల. నవ్వొచ్చింది. చక్రాలు గరగరమంటూ పోతున్నాయి. లారీలకి బస్తాలెక్కించే దిమ్మ ముందుకి రాగానే ఆ గరగర పోయి, గుమ్ముమని డొల్లగా మోగింది. రెండడుగులు దాటాక మళ్ళీ గరగర.

నా నవ్వు ఆగిపోయింది.

అక్కడ బావి ఉంది. కల్లం కట్టేటప్పుడు దాన్ని పూడ్చలేదు. తాటి దూలాలు అడ్డమేసి, నాపరాళ్ళు పరిచి, పైన సిమెంటు పూసేశారు. కళ్ళారా చూశాను. మా ఆడకూలీలం ఎవ్వరం అక్కడ కూర్చోలేదు. ఎండ మాడ్చేస్తున్నా, దిమ్మ నీడ అక్కడే పడుతున్నా సరే. "నీడ కావాలా, నూతిలో నీళ్ళు కావాలా?" అని వేళాకోళమాడుకునేవాళ్ళం. ఆ మాటన్నవాళ్ళలో ఇప్పుడు ఊళ్ళో ఉన్నది నేనొక్కదాన్నే.

ఫోను చేశాను. తియ్యదు. ఆ ఫోనుతోనేగా షూటింగు! పత్తి తీతకి పోయే ఆటోని ఆపి ఎక్కాను.

"ఏంది పెద్దమ్మా, చెప్పుల్లేకుండా?" అన్నాడు డ్రైవరు.

"ముందు పోనియ్యి నాయనా."

దారిలో దేవుణ్ణి తలుచుకోవాలని కూడా తోచలేదు. తాటి దూలం ఎన్నేళ్ళకి పుచ్చుతుంది? అదొక్కటే మనసులో.

నేను దిగేసరికి పిల్ల దిమ్మ మీదుంది. స్నేహితురాలు కింద ఫోను పట్టుకుని నిలబడింది.

"దూకబాకే!" అని అరిచాను. చెవుల్లో పాట పెట్టుకున్నట్టుంది, చెయ్యి ఊపింది. "షాటులోకొస్తున్నావు అమ్మమ్మా, పక్కకి జరుగు!" అని, పరుగందుకోడానికి వెనక్కి నడిచింది.

ఇంకేం చేసేది? పోయి ఆ డొల్ల నేల మధ్యలో చతికిలబడ్డాను. పదకొండేళ్ళూ కాలు పెట్టని చోటది. కింద కిర్రుమంది. నాకే అలా వినిపించిందో ఏమో. ఊపిరి బిగబట్టాను, ఒంటి బరువు తగ్గుతుందేమోనన్నట్టు.

పిల్ల చెవుల్లోవి పీకేసి దిగొచ్చింది. "ఏంటే ముసలీ నీ గోల? షాటంతా పాడు చేశావ్!"

"నా కింద బావి తల్లీ. దగ్గరికి రాబాక."

దాని మొహం పాలిపోయింది. బోర్లా పడుకుని, చక్రాల చెక్క ఒక కొస తను పట్టుకుని రెండో కొస నా వైపు తోసింది. "అది పట్టుకో, లాగుతా" అంది. పట్టుకుని పాక్కుంటూ బయటపడ్డాను.

అక్కడ సిమెంటులో పడ్డ బీటలోంచి ఒక గులకరాయి వేసింది స్నేహితురాలు. ముగ్గురం చెవులొగ్గాం. ఎంతకీ చప్పుడు లేదు. తర్వాత, ఎక్కడో కింద, బుడుంగు.

పిల్ల నా చీర కొంగు పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు.

పంచాయతీ వాళ్ళొచ్చి ఆ బావి చుట్టూ కంచె కట్టారు. పిల్ల సినిమాలో ఆ దూకే షాటు లేదు. నేనున్నాను, చతికిలబడి, ఆ నేల చరిత్ర చెబుతూ. ఆట మాత్రం మానలేదు. కొత్త చోటు దొరికితే ముందు ఫోను చేసి, "అక్కడ ముందేముండేది అమ్మమ్మా?" అంటుంది. నాకు తెలియని చోటైతే ఆ పూట ముద్ద దిగదు.

సరే, లేవండి తల్లీ. మీ ఇంట్లో పరుగెత్తే కాళ్ళ కింద నేల ఎప్పుడూ గట్టిగా ఉండాలి. మీ పిల్లలు ఎంత ఎగిరినా చల్లగా దిగాలి.