కోటలో పట్టని దిగుడుబావి

పటాన్‌చెరు బస్టాండులో బల్లలకు రంగు వేసేవాళ్లకు, ఆరలేదని ఒక అట్టముక్క మీద రాసి పెట్టే అలవాటు లేదు. ఆ ఉదయం నా తెల్ల ప్యాంటుకు రెండు పచ్చ చారలు పడ్డాయి. ఆ చారలతోనే హైదరాబాదు వెళ్లి, పిల్లల పుస్తకాలు వేసే ఒక సంపాదకుడి ముందు కూర్చున్నాను. డెబ్బయిల మొదటి మాట. చేతిలో నా మొదటి నవల.

నవల మా ఊరిదే. నిజాం కాలంలో తాలూకా అధికారి దౌరాకు, అంటే ఊళ్ల తనిఖీకి, వస్తే ఊరు వెట్టి చేయాలి. ఒక ఇల్లు కట్టెలు, ఒక ఇల్లు పాలు, వంతు వచ్చిన ఇల్లు నీళ్లు. అప్పుడు మా తాత ఊరి పటేలు. మా బట్టలుతికే అవ్వ ఏడు నెలల కడుపుతో మూడు రోజులు దిగుడుబావి మెట్లెక్కి అధికారి గుర్రాలకు నీళ్లు మోసింది. ఆ కడుపు నిలవలేదు. ఇదంతా చెప్పి, నన్ను ఒక్కటే అడిగింది.

"గిది బడి పోరగాండ్లు సదువాలె పటేలా. బావి ఇగ ఉండదు గద."

నిజమే. ఫ్యాక్టరీ గోడ కోసం ఆ బావిని మట్టితో నింపుతున్నారు.

సంపాదకుడు మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాకే నవలను చంపాడు.

"భాష బాగుందండీ. కానీ పిల్లలకు వెట్టి ఏమిటండీ? ఒక కోట పెట్టండి. పక్కన గోదావరి. యువరాణి నీళ్లకు వెళ్తుంది, శత్రువు వస్తాడు."

"యువరాణి నీళ్లకెందుకు వెళ్తుందండీ? దాసీలకు సెలవా?"

"పిల్లలు అంత ఆలోచించరండీ."

నేను నెమ్మదస్తుణ్నని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ నింద వేయలేదు. అయినా అంత కోపం నాకే కొత్త. చోటంటే కథ వెనకాల కట్టే తెర అనుకున్నాడాయన, విప్పి ఇంకోటి కట్టొచ్చని. ఆ బావికి నలభై మెట్లున్నాయి కనుకనే ఆ గొడవ. నీళ్లు చేతికందితే వంతులెందుకు, పిలుపులెందుకు? గోదావరి ఒడ్డున పెడితే ఆమె కడవ ముంచుకుని ఇంటికి పోతుంది. నాకు కథ ఉండదు, ఆమెకు బిడ్డ ఉంటుంది.

"అయినా మీ పటాన్‌చెరులో చరిత్రేముందండీ, ఫ్యాక్టరీ షెడ్లు తప్ప?" అన్నాడు.

కాగితాలు లాక్కుని లేచాను. ఆయన కుర్చీకి కొంత పచ్చరంగు అంటింది. అదే నా మొదటి ప్రచురణ.

బస్సు దిగి నేరుగా అవ్వ ఇంటికే పోయాను. ఇస్త్రీ బట్టలు మడత పెడుతోంది. నా కోపం ఇంకా దిగలేదు.

"మన బావినే తీసెయ్యమంటున్నడు అవ్వా! లేని కోట పెట్టాల్నట! జరిగింది జరిగినట్టు రాసిన, నేనెందుకు మారుస్త?"

"ఏం రాసినవో సదువు, ఇంట."

చదివాను. నలభై మెట్లు, జారే పాచి, కడవ బరువు, గుర్రం మీద మీసాల అధికారి కొరడాతో ఆమె వైపు చూపించి "నువ్వే రా" అనడం. ఆమె చేతిలోని చొక్కా మడత పడకుండా అట్లాగే ఉండిపోయింది.

"మెట్లు మంచిగ రాసినవ్," అంది చివరికి. "గుర్రపోడైతే నన్ను సూడనే లేదు. వాడికి నేనెవరో ఎర్కనా? ఆ నాడు వంతు మాది గాదు పటేలా. నన్ను పిలిపిచ్చింది మీ తాత. గాయనెక్కడ వోయిండు గిండ్ల?"