ఎడమ అంచు పైకి

శుక్రవారం ఉదయం నాన్న ఫోన్ చేసి, "పిన్ని పోయిందమ్మా" అన్నారు. గుండెపోటు. మిషను మీద ఎవరిదో జాకెట్టు సగం కుట్టి ఉందట.

ఆమె మాకు రక్తబంధువు కాదు. దోహాలో మా పక్క గదిలో ఉండే కోనసీమ మనిషి. పగలు ఒక విల్లాలో వంట, సాయంత్రం కుట్టుపని. మా ఇంట్లో మొదట బడి గడప తొక్కింది నేను. యూనిఫాం పొట్టయిన ప్రతిసారీ పిన్ని అంచు విప్పి పొడుగు చేసేది. "నువ్వు ఎదుగు. గుడ్డ సంగతి నేను చూసుకుంటా" అనేది.

నిరుడు మా ఆఫీసువాళ్ళం కలిసి ఒక పాత ఇంగ్లీషు సంగీత నాటకం వేశాం. విక్టోరియా రాణి కాలంలో, జపాన్‌లో జరిగినట్టు లండన్‌లో రాసుకున్న హాస్యం. బృందంలో పాడే అమ్మాయిల్లో నేనూ ఉన్నాను. మా కిమోనోలు పిన్నే కుట్టింది. కుడుతూ, తలలు తీసే శిక్షల చుట్టూ తిరిగే ఆ కథ నాచేత చెప్పించుకుంది.

"తల తీసేయమని చెప్పి నవ్విస్తారా? ఈ దొరలకి భయం లేదే!"

నాటకానికి ముందురోజు, మాకు విసనకర్ర పట్టడం నేర్పే జపాన్ ఆవిడ మా బట్టలు చూసి మాట ఆపేసింది. కిమోనోకు ఎడమ అంచు పైన ఉండాలట. కుడి అంచు పైకి చుట్టేది చనిపోయినవాళ్ళకేనట. పిన్ని జాకెట్ల అలవాటుతో కుడి అంచే పైకి తెచ్చి, హుక్కులు కూడా కుట్టేసింది.

చెప్పగానే పిన్ని ముఖం పాలిపోయింది.

"నీకూ అలాగే తొడిగానటే?"

"ఎవరూ గమనించరులే ఆంటీ, నవ్వుల నాటకమేగా" అన్నాడు మా దర్శకుడు.

"చూసేవాళ్ళ కోసం కాదు బాబూ. తొడుక్కునేది బతికున్న పిల్లలు."

ఆ సాయంత్రమే అన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. మర్నాడు తెర పక్కన నిలబడి, ఒక్కొక్కరి గుండెల మీద అరచేత్తో అంచు సర్ది పంపింది.

"ఎడమది పైకి. చల్లగా బతుకు. యల్లా, ఇక పద!"

హాలంతా నవ్వుతుంటే ఆమె మాత్రం మా అంచులే చూస్తూ నిలబడింది.

ఇప్పుడు, దేహాన్ని ఊరికి పంపే ముందు ఆమెకు చీర కట్టింది నేనే. పైన తెల్ల దుప్పటి చుడుతుంటే ఆ జపాన్ ఆవిడ మాట గుర్తొచ్చింది. ఇప్పుడు కుడి అంచే పైకి రావాలి.

నా చేతులు వినలేదు. ఎడమ అంచును పైకి తెచ్చి, అరచేత్తో ఆమె గుండెల మీద సర్దాయి.