తమ్ముడు దాచమన్న డీజిల్ సీసా

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, రుజువు చూపించమని పోట్లాడే మనిషిని నేను. నౌపడ ఉప్పు మళ్ళలో మేస్త్రీగా పనిచేశాను. చేతికి అందింది, నాలుకకు తగిలింది తప్ప మరొకటి నమ్మలేదు.

మా తమ్ముడు అప్పన్న డీజిల్ బోటు నడిపేవాడు. డీజిల్ కొన్న ప్రతిసారీ ఒక టానిక్కు సీసాలో కొంచెం పట్టి, మూతకు వల దారం చుట్టి దాచేవాడు. ఇంజను మొరాయిస్తే ఆ సీసాయే సాక్ష్యం.

రాష్ట్రం విడిపోయిన ఏడాది ఒక ఉదయం ఒడ్డున ఆ సీసా నా చేతిలో పెట్టాడు.

"అన్నియ్యా, వాసన సూడు. తేడాగుంది."

మేనకోడలి పెళ్ళిలో నన్ను పిలవకుండా ముందు పంక్తిలో కూర్చున్నాడని రెండు నెలలుగా వాడితో మాటల్లేవు. మూత తీయకుండా మొహం తిప్పుకున్నాను.

"మూతి ముడుసుకున్నావేటి? సర్లే, దాసు. నేనొచ్చాక బంకోడి మీద ఇద్దరం కంప్లయింటెడదాం. ఆ ఇద్దెలో నిన్ను మించినోడెవుడు?"

నవ్వుకుంటూ వెళ్ళాడు. మధ్యాహ్నం గాలి లేచింది. ఇంజను ఆగిపోవడం పక్క బోటువాళ్ళు చూశారు. వాళ్ళు చేరేలోపే బోటు తిరగబడింది. అప్పన్న దక్కలేదు.

డీజిల్ గురించి అడగడానికి వెళితే బంకు మేనేజరు కుర్చీలోంచి లేవకుండా అన్న మాట నాకింకా గుర్తుంది. "నీ తమ్ముడు ఇంజన్లో కూడా సారాయే పోసుంటాడు." అప్పన్న మందు ముట్టేవాడు కాదు. ఆ మచ్చ తుడవాలని కనబడ్డ ప్రతి ఆఫీసుకూ రాశాను. మూడేళ్ళకు, దారం విప్పకుండా నేను దాచిన ఆ సీసాను పరీక్షించడానికి విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబువాళ్ళు ఒప్పుకున్నారు.

అక్కడి యంత్రం కంటికి కనబడని వెలుగును సీసాలోంచి పంపుతుంది. నూనెలో ఏది కలిసినా తెర మీద గీత మారుతుంది. మూత తీయక్కర్లేదు.

పరీక్ష చేసే అమ్మాయి మూడుసార్లు చూసింది. "కిరసనాయిలు లేదు బాబాయ్. నీల్లున్నాయి, శానా."

"నీల్లుంటే అడుక్కి దిగవా? సూడు, అద్దంలాగుంది!"

"నన్నేటి తిడతావు? యంత్రం సెప్తన్నాది."

తన దగ్గరున్న మంచి డీజిల్ పెడితే గీత సరిగ్గానే వచ్చింది. మళ్ళీ మా సీసా పెట్టింది. నీళ్ళే.

దారం కోసి, వేరే గాజు గొట్టంలో పోసి చూసింది. శుభ్రమైన డీజిల్. కల్తీ లేదు, నీళ్ళూ లేవు. కాగితం మీద అదే రాసిచ్చింది.

మూత లోపలి తడిని నాలుకకు రాసుకున్నాను. ఉప్పు. మా మళ్ళలోని చిక్కటి ఉప్పునీరు కాదు, సముద్రం.

"ఆయన తడిసెయ్యి తగిలుంటాది" అంది ఆ అమ్మాయి. అయివుండొచ్చు. నాలుగుసార్లు తెర మీదికి వచ్చిన నీళ్ళ మాట మాత్రం ఆమె ఇచ్చిన కాగితం మీద లేదు.

అది వాడు బతికుండగా, ఒడ్డు మీద మూత బిగించిన సీసా. అందులో నీళ్ళు ఎలా కనబడ్డాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఉదయం నేను మూత తీసి వాసన చూసివుంటే ఏం తెలిసేదో, అదీ తెలియదు.