నా కంప్యూటరు పట్టించిన ముఠా నాయకుడు

ఇంజనీరింగు పాసై కొత్తగా పనిలో చేరిన ఆ రోజుల్లో నాకు మనుషుల మీదకంటే కంప్యూటరు మీదే నమ్మకం ఎక్కువ. కడప జిల్లాలో ఒక పోలీసు స్టేషనులో (ఊరి పేరు చెప్పను, ఇప్పటికీ ఆ దారిలో తల దించుకునే పోతాను) నన్ను కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. పాత కేసులన్నీ కంప్యూటరుకు నేర్పించి, ఇకమీద దొంగతనం ఎక్కడ జరుగుతుందో, ఎవరు చేస్తారో ముందుగానే చెప్పించడం నా పని. ఒంటిమిట్ట గుడిలో రాములవారి కల్యాణం దగ్గర పడుతోంది. ఆ జనంలో ఏటా సెల్‌ఫోన్లు పోతాయి. "కల్యాణం లోపల నీ మిషను ఒక్క దొంగనన్నా చూపిచ్చాల. లేదంటే నువ్వు ఇంటికి పోవచ్చు" అన్నారు సీఐ సారు. ఇంటికెలా పోను? మావాడు పోలీసులకే పాఠాలు చెప్తున్నాడని మా అమ్మ అప్పటికే వీధంతా చాటేసింది.

పది రోజులు కూర్చుని ఫిర్యాదులన్నీ ఎక్కించాను. పేర్లు చదవలేదు, అంకెలే చూశాను. చివరికి కంప్యూటరు ఒక ఫోను నంబరు చుట్టూ ఎర్రగా గీత గీసింది. ఫోను పోయిన కేసుల్లో సగానికి పైగా అదే నంబరు! ముఠా నాయకుడు దొరికాడని నా కాళ్లు నేలమీద ఆనలేదు. అది ఎవరిదో కనుక్కునే ఓపిక కూడా లేక సారు దగ్గరికి పరిగెత్తాను. సారు వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశారు. కిటికీ బయట, స్టేషను గోడ పక్కనే రింగు మోగింది.

అక్కడ గొడుగు కింద స్టూలు వేసుకుని కూర్చునేది అర్జీల తాత. రాయడం రానివాళ్లకు ఫిర్యాదులు రాసిపెట్టే పెద్దాయన. కానిస్టేబులు పిలుచుకొస్తే లోపలికొచ్చి, సంగతి విని, కండువా చేతిలోకి తీసుకున్నాడు.

"ఇన్నేండ్లుగా ఈడ్నే కూకోని రాస్తాండా సార్. దొంగ అని ఎవురూ అనలా" అన్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తర్వాత నావైపు తిరిగాడు. "ఏమప్పా, ఫోను పోయినోడు ఏ నంబరు రాపిచ్చాల? దొరికితే సారోళ్లు యాడికి చేస్తారు? అందుకే నాది ఏస్తాండా. నిరుడు కల్యాణంలో నీ ఫోను పోలా? నీ అర్జీ రాసిచ్చింది ఎవురు?"

ఆయన చేతే రాయించుకున్నాను. (ఇంజనీరునే గానీ తెలుగులో అర్జీ రాయడం చేతకాలేదు.) జాబితా తెరిచి చూస్తే నా కేసూ ఉంది, పక్కనే తాత నంబరుతో సహా. సారు ఆపుకోలేక టేబులు కొట్టి నవ్వారు. నేను తాత రెండు చేతులూ పట్టుకున్నాను.

"నన్ను అడిగింటే చెప్పింటా కదప్పా. ఫోన్లు శానావరకు చెప్పులిడిసేకాడ పోతాండాయి. వంగినప్పుడే జోబీలోది లాగుతారు. రాసేటప్పుడు అందరూ నాతో చెప్పుకుంటారు" అన్నాడు తాత. ఆ ఏడాది కల్యాణంలో చెప్పులు విడిచే చోట మఫ్టీలో ఇద్దరిని నిలబెడితే ఒకడు దొరికాడు. నా కాంట్రాక్టు నిలబడింది. సారు మెచ్చుకుంది మాత్రం నా కంప్యూటరునే, నేనూ నోరు మెదపలేదు.

తాత పోయి రెండేళ్లయింది. ఆ రోజు హుషారులో 'ముఠా నాయకుడు' అని దాచుకున్న ఆయన నంబరు నా ఫోనులో అలాగే ఉంది. తీసెయ్యడానికి మనసు రాదు. పేరు కనబడినప్పుడల్లా, కిటికీలోంచి ఒకసారి బయటికి చూడడానికి కూడా తీరిక లేని ఆ కుర్ర ఇంజనీరు గుర్తొచ్చి నవ్వొస్తుంది.