కొంగలు లేచిన రోజు

మొన్న మా తమ్ముడి కూతురు, చూసి చాలా ఏళ్ళయింది కదత్తా అంటూ నన్ను కదిరి నుంచి మా ఊరి చెరువుకు తీసుకుపోతే, కట్ట పొడుగునా ఇనుప కంచె, పక్షులను చూడడానికి ఎత్తైన మంచె, 'నిశ్శబ్దం పాటించండి, నీళ్ళలో దిగరాదు' అని ఒక బోర్డు కనబడ్డాయి. ఆ రెండో మాట చదవగానే నా కాళ్ళు ఆగిపోయాయి. పిల్ల ఎండదెబ్బేమోనని కంగారుపడింది గానీ, అది ఇరవై ఏళ్ళకు పైబడిన భయమని దానికేం తెలుసు.

కరువు చూసినవాళ్ళకు నేను చెప్పనక్కర లేదు, ఆ రోజుల్లో మాకు చెరువంటే నీళ్ళు కాదు, మన్ను. వరుసగా వానలు మొహం చాటేస్తే జనమంతా బండ్లు కట్టుకుని పోయి చెరువులో పూడికమన్ను తవ్వి చేలకు తోలుకునేవాళ్ళు. మా నాయన ఒక ఎండాకాలమంతా తవ్వి మా వేరుశనగ చేనికి తోలాడు. చేనికి పోయే అడ్డదారి కూడా ఆ ఎండిన చెరువులోంచే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఏడు అలాంటి చెరువు సగానికి పైగా నిండి, నీళ్ళలో నిలిచిన తుమ్మచెట్ల మీదికి పసుపు ముక్కు పెద్ద కొంగలు గుంపులుగా వచ్చి గూళ్ళు కట్టాయి. అవి బెదిరి గూడు వదిలిపోతే మరి వాన రాదని మా ఊరి నమ్మకం. అందుకే పెండ్లి మేళం కూడా ఆ కట్ట దగ్గర ఆపేసి నడిచేవాళ్ళు, పిల్లల్ని తిట్టాలన్నా ఇంటికి తెచ్చి తిట్టేవాళ్ళు.

అప్పుడు నేను మడకశిర దగ్గర ఒక బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను. సెలవుకు వస్తే, గూళ్ళలో పిల్లలను చూపిస్తానని నాయన పొద్దున్నే బయలుదేరదీశాడు. కట్ట మీదుగా పోదామంటే, "యాలమ్మా అంత చుట్టు? ఈ చెరువులో నాకు తెలీని గుంత యాడుండాది?" అంటూ, అలవాటైన అడ్డదారినే మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. బావులన్నీ ఎండిన ఊళ్ళో మాకు ఈత ఎవరు నేర్పుతారు? అయినా ఆయన వెనకే నడిచాను.

చెట్లు ఇంకా పది బారలు ఉన్నాయనగా నాయన ఉన్నట్టుండి నడుము దాకా దిగిపోయాడు. అది తను తవ్విన గుంతే. కాలు పైకి తీయబోయేకొద్దీ బురద లోపలికి లాగింది, చంకల దాకా, తర్వాత మెడ దాకా. తలగుడ్డ విప్పి ఒక కొస నాకు విసిరాడు. రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలితే నా కాళ్ళ కింద మన్ను కూడా జారుతోంది. నేను నోరు తెరవబోతే, "అరవద్దమ్మా, కొంగలు లేస్తాయి" అన్నాడు. నిజం చెబుతున్నాను, నేను ఆయన మాట విన్నాను. ఊరికి వాన పోతుందేమో, నాకు నాయన పోతాడేమో అని రెండు భయాల మధ్య పళ్ళు బిగించి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నీళ్ళు ఆయన పెదవులకు తగిలాయి. అప్పుడు "నాయనా!" అని అరిచాను.

కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. నా అరుపు కట్ట దాకా పోయిందో లేదో గానీ, అవతల గొర్రెలు మేపుకుంటున్న ఒక పెద్దాయన, కొంగలు ఊరికే లేవవని, కొమ్మలు కోసే పొడుగాటి దోటి పట్టుకుని నీళ్ళలో పడి వచ్చాడు. నాయన ఆ కర్రను పట్టుకుంటే ఇద్దరం కలిసి లాగాం.

ఒడ్డున బురద కక్కుతూ నాయన అడిగిన మొదటి మాట, "దిగినాయా?"

"దిగుతాయిలేప్పా, నువ్వు ముందు ఊపిరి తీసుకో" అన్నాడు గొర్రెలాయన, కానీ ఆయన కళ్ళూ ఆకాశంలోనే ఉన్నాయి. ముగ్గురం తలలెత్తి అక్కడే కూర్చున్నాం. ఎండకు గూళ్ళలో పిల్లలు ఏమవుతాయోనని నాకు ఏడుపు ఆగలేదు. చాలాసేపటికి ఒకటి వాలింది, దాని వెనక మరొకటి, అలా అన్నీ వాలాయి. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నాయన వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించి, "ముసలోని పానం కోసరం ఊరి వాననే లేపింది" అని ఎగతాళి చేసేవాడు.

ఇప్పుడు మంచె మీద పిల్లలు సెల్‌ఫోన్లు పట్టుకుని కేరింతలు కొడుతున్నా కొంగలు కదలడం లేదు, వాటికీ అలవాటైపోయినట్టుంది. భయంతో మేం మూసుకున్న నోళ్ళకు బదులు ఒక బోర్డు నిలబడి ఉంది. నాయన పోయి చాలా కాలమైంది. ఆ నీళ్ళ వైపు తిరిగి గట్టిగా ఒక్కసారి "నాయనా" అని పిలవాలనిపించింది. పిలిచినా, లేస్తే గీస్తే ఈసారి కొంగలు మాత్రమే లేస్తాయని ఊరుకున్నాను.