అద్దం తలుపు అవతలి నవ్వు

పిల్లల ఆసుపత్రిలో ఆవిడను అందరూ ప్రశ్నలమ్మ అంటారు. పిల్లల ఆటనీ, నిద్రనీ, బడినీ జబ్బు ఎంత మింగేసిందో అడిగి రాసుకోవడం ఆవిడ ఉద్యోగం. తల్లినో తండ్రినో పక్కన పెట్టుకుని పిల్లల్ని అడగమంటే, చెప్పింది పెద్ద డాక్టరైనా సరే, ఆవిడకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు కూడా తల్లిని అద్దం తలుపు అవతల కూర్చోబెట్టి, కీళ్ల జబ్బున్న ఎనిమిదేళ్ల పిల్ల ముందు బొమ్మల అట్ట పెట్టింది. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఐదు బొమ్మలున్నాయి.

"మెట్లెక్కితే నొప్పిగా ఉంటుందా?"

పిల్ల తలెత్తి చూసి, నవ్వే ముఖం మీద వేలు పెట్టింది. నిద్ర సంగతి అడిగితే మళ్లీ తలెత్తి చూసి, నవ్వే ముఖమే చూపించింది. వాచిన ఆ వేలు మాత్రం వంగడం లేదు. ప్రశ్నలమ్మకు అనుమానం వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే, అద్దం అవతల తల్లి ముఖమంతా నవ్వు పులుముకుని కూతురికి ధైర్యం చెబుతోంది.

"నా బుర్రకి బూజు పట్టింది! తల్లిని బయటికి పంపి, పిల్లని తలుపుకేసి కూర్చోబెట్టాను" అని తనను తానే తిట్టుకుంటూ లేచి, తలుపుకున్న తెరను సర్రున అడ్డంగా లాగేసి, మళ్లీ మొదటినుంచి అడిగింది.

పిల్ల చాలాసేపు తెరనే చూసింది. తర్వాత ఆ వేలు మెల్లగా జరిగి జరిగి ఏడ్చే ముఖం మీద ఆగింది. చివరి ప్రశ్న దాకా అక్కణ్ణించి కదల్లేదు.

"అయిపోయింది తల్లీ" అంటూ ప్రశ్నలమ్మ తెర మీద చెయ్యి వేసింది.

"ఆగండి ఆంటీ" అంది పిల్ల, గబగబా కళ్లు తుడుచుకుంటూ. "నేను నవ్వాక తియ్యండి."